విచారణకు వచ్చినవాళ్లు

ధర్మం చేసేవాళ్లు మా ఇల్లు చూడటానికి వస్తున్నారని తెలిసిన రోజు మా అమ్మ మొట్టమొదట చేసిన పని సున్నం నానబెట్టడం. మా గోడలు పెచ్చులూడి, వంటపొగకు నల్లబడి ఉండేవి. వాటిని అలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అమ్మ వదల్లేదు. వదలడం ఆమెకు చేతకాదు. ఏళ్లు గడిచాక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను గానీ, తలచుకుంటే ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండుతుందో మాత్రం తేల్చుకోలేకపోయాను.

ఎమర్జెన్సీ పోయిన కొత్తలో సంగతి ఇది. మేం తిరుపతిలో ఉండేవాళ్లం. నాయన ఊళ్లోని ఒక చిన్న గుడిలో పూలమాలలు కట్టేవాడు. తాతల నాటి నుంచి మాది అదే కైంకర్యం. కైంకర్యం అని గొప్పగానే చెప్పుకునేవాళ్లం, జీతమెంత అని అడిగితే మాట మార్చేవాళ్లం. జీతంతో పాటు రోజూ ఇంత ప్రసాదం ఇంటికొచ్చేది. చాలా రోజులు మా మధ్యాహ్నం భోజనం అదే. అమ్మ, నేను పూలమ్మేవాళ్లకు మల్లెలు, కనకాంబరాలు మూరల లెక్కన కట్టిచ్చేవాళ్లం. వాళ్లు వాటిని తిరుచానూరు తీసుకుపోయి లాడ్జీల ముందర అమ్ముకునేవాళ్లు. నేను పదో తరగతి తప్పి ఇంట్లోనే ఉండిపోయాను. నాకంటే నాలుగేళ్లు చిన్నది మా చెల్లెలు. ఇదంతా దాని కోసం.

చెల్లెలికి చిన్నతనంలో ఒకసారి జ్వరం వచ్చి మోకాళ్లు వాచాయి. ఆడుకుంటూ పడిందేమోనని నాయన పుత్తూరు తీసుకుపోయాడు. కట్టు కట్టే ఆయన తడిమి చూసి, ఇది ఎముక సంగతి కాదు, డాక్టరుకు చూపించమని చెప్పాడట. ఈ వారం చూపిద్దాం, పైవారం చూపిద్దాం అనుకునే లోపల వాపు దిగిపోయింది. దిగిపోయింది కదా అని మేమూ ఊరుకున్నాం. తర్వాత అది బడికి పోయి వస్తే గుమ్మంలోనే కూలబడేది. బద్ధకమని అమ్మ తిట్టేది. బిందె నీళ్లు మోస్తే ఎగశ్వాస పెట్టేది. ఒక రోజు దగ్గితే నెత్తురు పడింది. అప్పుడు నాయన గుండె రాయి చేసుకుని రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్లాను.

అక్కడి డాక్టరమ్మ తమిళం కలిసిన తెలుగులో మాకు అర్థమయ్యేట్టు చెప్పింది. చిన్నప్పటి జ్వరం గుండె మీదకి పోయింది. లోపల తలుపులాగా తెరుచుకుని మూసుకునేది ఒకటి బిగుసుకుపోతోంది. ఆపరేషన్ చేసి తెరిస్తే అందరి పిల్లల్లాగే పెళ్లి చేసుకుని పిల్లల్ని కంటుంది. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు వస్తుంది. పేదవాళ్లమని ఆస్పత్రి వాళ్లు ఖర్చులో కొంత తగ్గించారు కూడా. మిగిలింది మా నాయన రెండు జన్మల పాటు మాలలు కట్టినా తేలేనంత. వచ్చేసేటప్పుడు డాక్టరమ్మ చెల్లెలి బుగ్గ మీద వేలు పెట్టి చూపించింది. ఇంట్లో అందరికంటే అది తెలుపు. బుగ్గలు గులాబీ రంగులో ఉండేవి. చూసినవాళ్లంతా దిష్టి తీయమనేవాళ్లు. ఆ ఎరుపు ఆరోగ్యం కాదని, అదే జబ్బు గుర్తని ఆమె చెప్పింది. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. గుర్తుండి ఏం లాభం.

మా ఊళ్లో బట్టల వ్యాపారులు, బియ్యం వ్యాపారులు కలిసి నడిపే ధర్మసంఘం ఒకటి ఉండేది. దాని పెద్దాయనకు బజారులో పెద్ద బట్టల అంగడి ఉండేది. నిజంగా మంచి పేరున్న మనిషి. ఎందరికో ఆపరేషన్లు చేయించాడు. గుడికొచ్చినవాళ్లెవరో చెబితే, నాయన ఆస్పత్రి కాగితాలు పట్టుకుని ఆ అంగడికి పోయి, గిరాకీ తగ్గేదాకా ఒక పక్కన నిలబడి, సంగతి చెప్పుకుని వచ్చాడు. వచ్చేసరికి మొహంలో కళ ఉంది.

"శుక్రవారం పొద్దున ఇద్దరొస్తారంట," అన్నాడు అమ్మతో. "ఇల్లు సూసి, పాపను సూసి, నిజమైతే తప్పకుండా సేస్తామన్నాడు పెద్దాయన. ఊరికే ఎవురికీ ఇయ్యరంట. విచారణ సేసే ఇస్తారంట."

"సెయ్యనీ," అంది అమ్మ. "మన దగ్గర అబద్ధమేముండాది."

ఆ మాట అన్న మనిషే సాయంత్రానికి సున్నం నానబెట్టింది.

ఆ రెండు రోజులూ మా ఇంట్లో పండగ పని. గోడలకు సున్నం కొట్టాం. ఇత్తడి గ్లాసులు చింతపండు వేసి తోమితే మొహం కనబడింది. చిరిగిన చాపలు చుట్టి అటక మీద పడేశాం. కూర్చోడానికి మా ఇంట్లో ఒక పీట తప్ప ఏమీ లేదు. పక్కింటి దర్జీ భార్యను మేం పిన్నీ అని పిలిచేవాళ్లం. వాళ్లు ముస్లింలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవాళ్లు, మాతో తెలుగు. వాళ్లింట్లోంచి రెండు కుర్చీలు తెచ్చాను. చెల్లెలికి కట్టడానికని అమ్మ ఆమెనే పట్టు లంగా కూడా అడిగింది. పిన్ని లంగా అయితే ఇచ్చింది గానీ, చూస్తూ ఊరుకోలేకపోయింది.

"వాళ్లు వస్తా ఉండేది పెండ్లిసూపులకు గాదు గదక్కా," అంది. "బిడ్డకు బాగలేదని సూసేదానికి. ఉండేది ఉండేట్టే ఉండనీ."

"నీకు తెలీదు, ఊరుకో," అంది అమ్మ. "ఇల్లు పాడుబెట్టుకుని కూసుంటే సోమరిపోతులనుకుంటారు. మర్యాదస్తులు, వీళ్లకు సేస్తే వృథా పోదు అనిపించాల వాళ్లకు. ఇంగొకటి. వాళ్లు ఊర్లో నలుగురితో తిరిగే మనుషులు. గుండెజబ్బు పిల్ల అని అంగళ్లల్లో మాట పుడితే, రేపు బాగైనాక దీన్ని ఎవురు సేసుకుంటారు?"

ఇప్పుడు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. జబ్బుకు సాయం చేయడానికి వచ్చేవాళ్ల దగ్గరే జబ్బు దాచడమేమిటని. ఆ రోజు మా ఎవరికీ అది వింతగా తోచలేదు. మా ఇళ్లలో కొత్తవాళ్ల ముందుకు ఆడపిల్ల వస్తోందంటే తల దువ్వి, పూలు పెట్టి, కాటుక దిద్ది పంపాలి. తలనొప్పిగా ఉన్నా నవ్వుమొహం పెట్టాలి. ఎవరు వస్తున్నారు, ఎందుకు వస్తున్నారు అన్నది దానికి సంబంధం లేని విషయం. అమ్మను వాళ్లమ్మ అలా పెంచింది, మమ్మల్ని అమ్మ అలా పెంచింది. ఆమెకు చదువుంటే వేరేగా చేసేదని కూడా నేననుకోను.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. ఒకరు సంఘం పెద్దాయన, ఇంకొకరు ఆయనకు తోడుగా తిరిగే రిటైరైన బడిపంతులు. చెప్పులు వీధిలోనే విడిచి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వచ్చారు. కుర్చీల్లో కూర్చుని గోడలూ, దేవుడి పటాలూ చూశారు. బాగుందన్నట్టు పెద్దాయన తలూపాడు. నాయన తిరునామం పెట్టుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

వంటింట్లో అమ్మ కాఫీ కలిపి చెల్లెలి చేతికి పళ్లెం ఇచ్చింది. "నవ్వుమొహం పెట్టు మే. ఆయాసం వస్తే రవంత ఆపుకో. లోపలికొచ్చి తీసుకుందువు," అంది. కాఫీకి పాలు అప్పు చేసి తెచ్చింది అమ్మ. మేం తాగే పాలు లేని వరక్కాపీ వాళ్లకిస్తే ఏమనుకుంటారని.

చెల్లెలు వెళ్లింది. కాఫీ ఇచ్చింది. వంగి దండం పెట్టింది. పెద్దాయన దాన్ని ఆప్యాయంగానే చూశాడు.

"ఎట్లుండావమ్మా?" అని అడిగాడు.

"బాగుండానండి," అంది చెల్లెలు.

పెద్దవాళ్లు ఎలా ఉన్నావని అడిగితే ఇంకేమని చెప్తారు ఎవరైనా? అదేమీ అబద్ధమాడలేదు. వాళ్లు అడగాల్సినట్టు అడగలేదు, అది చెప్పాల్సినట్టు చెప్పలేదు. నాయనైనా అందుకుని నిజం చెప్పి ఉండాలి. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

అప్పుడా పంతులు, "మీ ఇండ్లల్లో పిల్లలకు పాశురాలు వస్తాయి గదా, యాదైనా ఒకటి పాడమ్మా," అన్నాడు. నేను తలుపు చాటునుంచి అమ్మ వైపు చూశాను. వద్దని చెప్తుందనుకున్నాను. అమ్మ మొహం వెలిగిపోయింది. కూతురి గొంతు బాగుంటుందని ఆమెకు మహా గర్వం. కూర్చుని పాడమని సైగ చేసింది. చెల్లెలు నేలమీద కూర్చుని కళ్లు మూసుకుని పాడింది. మధ్యమధ్య ఊపిరి తీసుకున్నా, అది భక్తితో ఆగినట్టే ఉంది వినేవాళ్లకు. నాకు మాత్రం కాలు గాలిన పిల్లిలా ఉంది. పాట పూర్తి చేసి, దండం పెట్టి, మెల్లగా నడిచి లోపలికొచ్చి నా భుజం పట్టుకుని, శబ్దం బయటికి వినపడకుండా నా పైటలో మొహం దాచుకుని రొప్పింది. దాని గుండె నా చేతికి తెలుస్తోంది. బయట అమ్మ వాళ్లకు తాంబూలం, రెండు మూరల మల్లెపూలు ఇస్తోంది. ఆడవాళ్లకివ్వండని చెప్తోంది.

వాళ్లు వెళ్లాక అమ్మ నిమ్మళంగా గోడకు ఆనుకుని కూర్చుంది. "శానా మంచోళ్లు," అంది. "పాట వినేటప్పుడు పెద్దాయన కండ్లల్లో నీళ్లు తిరిగినాయి, సూసినారా?" ఆ రోజు మా ఇంట్లో అందరం కడుపు నిండా తిన్నాం. చెల్లెలు రాయవేలూరులో ఆస్పత్రి కిటికీలోంచి కనిపించిన కోట గురించి మాట్లాడింది. ఆపరేషన్ అయ్యాక ఆ కోట చూసి రావాలంది.

నాలుగైదు రోజులు ఆగి నాయన అంగడికి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విడిచిన తీరు చూసే నాకు అర్థమైపోయింది. పెద్దాయన ఆయన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, ఎంతో మర్యాదగా చెప్పాడట. "మీ ఇల్లు సూస్తే మనసు సల్లబడింది స్వామీ. లక్ష్మి ఉండే ఇల్లు. బిడ్డ బంగారు మాదిరి ఉండాది. మొహంలో ఎంత కళ, ఎంత గొంతు. మీకంటే కష్టంలో ఉండేవాళ్లు శానామంది ఉండారు, వాళ్లకు ముందు సెయ్యాల గదా?"

"నువ్వేమన్నావు?" అంది అమ్మ.

"అవునన్నాను," అన్నాడు నాయన.

ఎవరైనా "గదా?" అంటే అవుననే మనిషి మా నాయన. అలాంటి మంచితనం ఇంట్లో ఒకరికుంటే మిగతావాళ్లు చావాలి.

"ఆస్పత్రి కాగితాలు సూపించలేదా?"

"సూపించినా. కాగితాలు అందరూ తెస్తారంట. కండ్లతో సూసిందే నమ్ముతామన్నారు."

అమ్మ మల్లెపూలు కడుతున్న దారం తెంపేసి లేచిపోయింది. మర్నాడు చెల్లెల్ని, నన్ను వెంటబెట్టుకుని తనే బయల్దేరింది. ఈసారి పట్టు లంగా లేదు, పూలు లేవు. బతిమాలైనా ఒప్పిస్తానంది.

సంఘం వాళ్లు కూర్చునే గది బట్టల అంగడి పైన మిద్దెలో ఉండేది. నిటారుగా ఉన్న ఇరుకు మెట్లు. చెల్లెలు సగంలోనే ఆగిపోయింది. గోడ పట్టుకుని, మళ్లీ ఎక్కి, మళ్లీ ఆగి, పైకి చేరేసరికి పెదాలు నీలంగా మారాయి. గడప దాటుతూనే నేలమీద చతికిలబడింది. మెడలో నరాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మాట్లాడాలని నోరు తెరిచింది గానీ మాట రాలేదు. పెద్దాయన కంగారుపడి లేచాడు. నీళ్లు తెమ్మన్నాడు. ఆ ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు చూశారు కదా, ఇంక కాదనలేరనుకున్నాను.

పంతులు ఆయన చెవి దగ్గరకొచ్చి, మాకు వినపడేట్టే అన్నాడు. "మొన్న పొద్దున ఇట్ల లేదే. కూసోని పాట పాడింది గదా."

పెద్దాయన మొహం మారిపోయింది. కోపం కాదు, బాధపడ్డాడు. నిజంగానే బాధపడ్డాడు. అదే నాకు భరించరానిదిగా ఉంది. "అమ్మా," అన్నాడు, "ఆడబిడ్డతో ఇట్లాంటి పని సేయించొద్దమ్మా. గుళ్లో కైంకర్యం సేసే వంశం మీది."

అమ్మ వంగి చెల్లెలి వీపు నిమురుతోంది. నేను ఊరుకోలేకపోయాను.

"మొన్న సేసింది నాటకం సార్, ఇప్పుడు గాదు," అన్నాను. "మీరొస్తారని లంగా అడుక్కొచ్చి కట్టినాం. కుర్చీలు కూడా మావి గావు. ఆయాసం ఆపుకోమని మేమే సెప్పినాం."

"సూసినావా," అన్నాడు పెద్దాయన, గట్టిగా కూడా కాదు. "నాటకమాడినామని మీ నోటితోనే సెప్తా ఉండారు. ఇంగ ఏది నమ్మాల నేను?"

ఆయన స్థానంలో నేనున్నా అదే అడిగి ఉండేదాన్నేమో. దానివల్ల నా కోపం ఏమీ తగ్గలేదు.

దారిలో చెల్లెలు ఒక అరుగు మీద కూర్చుండిపోయింది. ఆయాసం తగ్గాక నా చెయ్యి లాగి, "రెండుసార్లూ నేను బాగానే సేసినా గదక్కా?" అంది. అది ఎప్పుడూ అంతే. ప్రాణం మీదికొచ్చినా ఎవర్నో ఒకర్ని ఆటపట్టించందే ఉండలేదు. నాకు నవ్వొచ్చింది. అమ్మ మాత్రం బజారులో, అందరూ చూస్తుండగా, నెత్తిన చేతులు పెట్టుకుని ఏడ్చింది. మా అమ్మ నలుగురిలో ఏడవడం అదే మొదటిసారి.

తర్వాత వేరే గడపలు కూడా ఎక్కాం. ఒకచోట వచ్చే ఏడు చూద్దామన్నారు. ఒకచోట ఆ సంఘం వాళ్లనే అడగమన్నారు. అడిగామని చెబితే, మరి వాళ్లెందుకు కాదన్నారని అడిగారు. దానితో ఊళ్లో అడిగే చోట్లు అయిపోయాయి. అమ్మ ఆ రోజు నుంచి సున్నం కొట్టిన గోడ వైపు తిరిగి కూర్చుని పూలు కట్టేది, వీధి వైపు చూసేది కాదు. నాయన గుడికి పోయి వస్తూనే ఉన్నాడు. దేవుడే చూసుకుంటాడని అనడం మానేశాడు, అంతే. నేను ఎవరితో మాట్లాడినా తగువే.

కార్తీకంలో తూర్పు వానలు పట్టుకున్నాయి. చెల్లెలి కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడదు, గోడకు దిండు ఆనించి కూర్చునే నిద్రపోయేది. ఊళ్లో డాక్టరు మాత్రలిచ్చాడు గానీ, రాయవేలూరు తీసుకుపోవాలని ఆయనా అన్నాడు. పిన్ని తన కాలి పట్టీలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. వాటితో బస్సు టికెట్లు వస్తాయి, ఆపరేషన్ రాదు. అమ్మ వాటిని తిరిగి ఇచ్చేసింది.

ఒక పొద్దున వాన కురుస్తుంటే నేను దాని పక్కనే కూర్చుని కనకాంబరాలు కడుతున్నాను. చెల్లెలు పూలు జతలు చేసి అందిస్తోంది. అందివ్వడం ఆగిపోయింది. కునుకు పట్టిందేమోననుకుని నేనే పూలు తీసుకుని కట్టుకుంటూ పోయాను. మూర పూర్తయ్యాక చూశాను.

దహనానికి మా దగ్గర ఏమీ లేదు. నాయన మూలన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే పిన్ని భర్త బజారుకు పోయి, బట్టల అంగడిలో చెప్పినట్టున్నాడు. కాసేపట్లోనే తోపుడుబండి మీద తడవకుండా పట్టా కప్పిన కట్టెలు వచ్చాయి. కొత్త గుడ్డ, కుండ, నెయ్యి డబ్బా వచ్చాయి. మోసేందుకు నలుగురు మనుషులు వచ్చారు. అన్నీ సంఘం వాళ్లవే. కాసేపటికి గొడుగు వేసుకుని పెద్దాయనే స్వయంగా వచ్చాడు. ఈసారి పంతులు వెంట లేడు.

నాయన లేచి చేతులు కట్టుకున్నాడు. "విచారణకు ఎవురైనా రావాల్నా సామీ?" అని అడిగాడు. ఎగతాళిగా కాదు. నిజంగానే తెలియక అడిగాడు.

"దీనికి విచారణ పెట్టం స్వామీ," అన్నాడు పెద్దాయన. "ఎవురడిగినా ఇచ్చేస్తాం."

అమ్మ అప్పటిదాకా చెల్లెలి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ మాట విని, దాని మొహం మీది గుడ్డ తీసింది. తల దువ్వలేదు. బొట్టు లేదు. బుగ్గల్లో ఎరుపు లేదు.

"విచారణ సేసే పోండి సామీ," అంది. "దగ్గరికొచ్చి బాగా సూడండి. ఈ పొద్దు నేనేమీ దాసిపెట్టలా."

ఆయన దగ్గరికి రాలేదు. అటు చూడనూ లేదు. గొడుగు సరిచేసుకుంటూ వెనక్కి తిరిగి, వాన పెద్దదయ్యేలోపు కానిచ్చేయమని మనుషులకు చెప్పాడు.